కౌన్సెలర్ అవ్వాలంటే ఏం చదవాలి? ఫీజు కట్టే ముందు ఇది చూడండి

మన దగ్గర "కౌన్సెలింగ్ ఎప్పుడు?" అంటే ఎంసెట్ ర్యాంకు, వెబ్ ఆప్షన్లు, సీటు అలాట్‌మెంటే గుర్తొస్తాయి. ఇవాళ మాట్లాడేది ఆ కౌన్సెలింగ్ కాదు. మనసు బాగోలేని మనిషి ఎదురుగా కూర్చుని చేసే కౌన్సెలింగ్. "అన్నా, ఫ్రెండ్స్ అందరూ బాధలు నాకే చెప్పుకుంటారు, దీన్నే కెరీర్‌గా తీసుకోవచ్చా?" అని అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. తీసుకోవచ్చు. కాకపోతే బాగా వినడం ఒక్కటే సరిపోదు.

ఉదాహరణకి, ఇంటర్ కుర్రాడు ఒకడు "నాకు ఎంపీసీ వద్దు" అన్నాడనుకోండి. బాబాయి అయితే "ఒక్క ఏడాది ఓర్చుకో" అంటాడు. ఫ్రెండ్ అయితే "మానేయ్ రా" అంటాడు. ఇద్దరూ సలహా ఇచ్చేశారు. కౌన్సెలర్ మాత్రం ముందు అసలు ఏం జరుగుతోందో కనుక్కుంటారు. సబ్జెక్టు నచ్చట్లేదా? హాస్టల్లో ఎవరైనా ఏడిపిస్తున్నారా? నిద్ర పడుతోందా? చనిపోవాలనే ఆలోచన వస్తోందా? ఆ చివరి ప్రశ్న ఎలా అడగాలి, అవునంటే వెంటనే ఏం చేయాలి, ఏది రహస్యంగా ఉంచాలి, ఏది ఇంట్లోవాళ్ళకి చెప్పక తప్పదు, ఇదంతా నేర్చుకుంటేనే వస్తుంది.

మామూలు దారి ఏంటంటే, డిగ్రీలో సైకాలజీ, తర్వాత రెండేళ్ళ ఎంఏ లేదా ఎంఎస్సీ. ఆంధ్రా, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీల్లో సైకాలజీ విభాగాలున్నాయి. బీటెక్, బీకాం వాళ్ళు నోటిఫికేషన్‌లో అర్హత లైను తప్పకుండా చదవాలి. కొన్నిచోట్ల ఏ డిగ్రీ అయినా చాలు, కొన్నిచోట్ల సైకాలజీ చదివి ఉండాల్సిందే. ఇంకోటి, లెక్కలు తప్పించుకుందామని ఇటు రాకండి. ఇందులో స్టాటిస్టిక్స్ గట్టిగానే ఉంటుంది.

ఇప్పుడు అసలు పాయింట్. కౌన్సెలర్, క్లినికల్ సైకాలజిస్ట్, సైకియాట్రిస్ట్ ముగ్గురూ ఒకటి కాదు. సైకియాట్రిస్ట్ ఎంబీబీఎస్ తర్వాత పీజీ చేసిన డాక్టర్, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ అవ్వాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన కోర్సు చేసి రిజిస్టర్ అవ్వాలి. ఇన్నాళ్ళూ అది ముఖ్యంగా రెండేళ్ళ ఎంఫిల్. ఇప్పుడు కోర్సులు మారుతున్నాయి కాబట్టి ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో కాలేజీ పేరు చూసుకున్నాకే చేరండి. మామూలు ఎంఏతో ఆ రిజిస్ట్రేషన్ రాదు.

"కౌన్సెలర్" అనే మాట దగ్గరే గందరగోళం. ఇన్నేళ్ళూ ఎవరైనా బోర్డు పెట్టేసుకోగలిగారు. వారాంతం సర్టిఫికెట్ చేతిలో పెట్టి "మీరిక కౌన్సెలర్" అనే కోర్సులు అందుకే పుట్టుకొచ్చాయి. 2021లో వచ్చిన నేషనల్ కమిషన్ ఫర్ అల్లైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం సైకాలజిస్టుల్నీ, కొన్ని రకాల కౌన్సెలర్లనీ తన జాబితాలోకి తెచ్చింది. దాని ప్రకారమే 2025 జూలై-ఆగస్టు సెషన్ నుంచి దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో సైకాలజీ డిగ్రీలకు కొత్త అడ్మిషన్లు ఆపాలని యూజీసీ చెప్పింది. ఎవరైనా ఇప్పుడు "ఇంట్లో కూర్చుని ఎంఏ సైకాలజీ" అని అమ్ముతుంటే జాగ్రత్త.

మరి ఉద్యోగాలు? 2023లో విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ళ అమ్మాయి చనిపోయింది. ఆ కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరు ఉండాలి. కోచింగ్ సెంటర్లకీ ఇది వర్తిస్తుంది. మన ఇంటర్ కాలేజీలు, హాస్టళ్ళు ఎన్ని ఉన్నాయో ఆలోచించండి. ఇవి కాక ఫ్యామిలీ కోర్టులు, సఖి కేంద్రాలు, డీ-అడిక్షన్ సెంటర్లు, హెచ్ఐవీ పరీక్షా కేంద్రాలు, టెలీ మానస్ హెల్ప్‌లైన్, కంపెనీల్లో ఉద్యోగుల కోసం పెట్టే కౌన్సెలింగ్ సేవలు ఉన్నాయి. ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ప్రభుత్వ పథకాల్లో చాలా పోస్టులు కాంట్రాక్టువే. సొంత ప్రాక్టీస్ నిలదొక్కుకోడానికి టైం పడుతుంది. సాఫ్ట్‌వేర్ ప్యాకేజీతో పోల్చుకుని వస్తే నిరాశే.

చేరే ముందు కాలేజీని మూడు ప్రశ్నలు అడగండి. ఈ కోర్సుని ఏ సంస్థ గుర్తించింది? నిజమైన మనుషులతో ప్రాక్టికల్స్ ఎన్ని గంటలు, ఎక్కడ? నేను చేసిన సెషన్లని సీనియర్ ఎవరు చూసి తప్పులు దిద్దుతారు? మూడో ప్రశ్నకి సరైన జవాబు రాకపోతే ఫీజు కట్టకండి. తప్పు కోడ్ రాస్తే రోల్‌బ్యాక్ చేసుకోవచ్చు. తప్పు మాట పడితే ఎదుటి మనిషి మళ్ళీ ఎవరి దగ్గరా నోరు విప్పకపోవచ్చు.

ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా ఇప్పుడే మాట్లాడేవాళ్ళు కావాలంటే, టెలీ మానస్ నంబర్ 14416. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఫోన్లో సేవ్ చేసుకోండి, మీకు కాకపోయినా పక్కవాళ్ళకి పనికొస్తుంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.