ఘనీభవన కణజాల నమూనాలు: దత్తాంశ నిర్వహణ

1993లో అమెరికాలోని అరిజోనా, న్యూ మెక్సికో, కొలరాడో, యూటా రాష్ట్రాలు కలిసే ప్రాంతంలో తీవ్రమైన శ్వాసకోశ వ్యాధి ప్రబలి, ఆరోగ్యవంతులైన యువకులు సైతం మరణించారు. హాంటావైరస్ వర్గానికి చెందిన ఒక వైరస్ దీనికి కారణమని, డీర్ మౌస్ అనే ఎలుక దానికి ఆశ్రయమని త్వరలోనే తేలింది. అయితే ఆ వైరస్ కొత్తగా వచ్చి చేరినదా, ముందు నుండే ఉన్నదా? న్యూ మెక్సికో విశ్వవిద్యాలయపు నైరుతి జీవశాస్త్ర మ్యూజియంలో అంతకు పూర్వం సేకరించి ఘనీభవింపజేసిన ఎలుకల కణజాలాలను పరీక్షించగా, వ్యాధి ప్రబలక ముందే వైరస్ వాటిలో ఉన్నట్లు రుజువైంది.

ప్రతి వయల్ ఏ ఎలుకకు చెందినది, అది ఎప్పుడు, ఎక్కడ పట్టుబడినది, దాని చర్మం, పుర్రె ఏ సంఖ్యతో భద్రపరచబడినవి అనే నమోదు లేనిదే ఈ నిర్ధారణ సాధ్యమయ్యేది కాదు. ఆ చర్మం, పుర్రెలనే వోచర్ నమూనా అంటారు. గుర్తింపుపై సందేహం కలిగినపుడు తిరిగి చూడదగిన ఆధారం అదే. వోచర్‌తో సంబంధం తెగిన కణజాలం మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ వద్ద ద్రవ నత్రజనిలో ఎంత భద్రంగా ఉన్నా దాని విలువ స్వల్పమే.

అసలు చిక్కు నమూనాల వంశవృక్షంలో ఉన్నది. ఒక జంతువు నుండి కాలేయం, గుండె, కండరం. కాలేయం నుండి చిన్న ముక్క. ముక్క నుండి డీఎన్ఏ. డీఎన్ఏ నుండి జెన్‌బ్యాంక్‌లో చేరే జన్యు అనుక్రమం. ప్రతి దశకు సొంత బార్‌కోడ్‌తోపాటు మాతృ నమూనా సంఖ్య కూడా నమోదు కావాలి. పత్తిని ఆశించే తెల్లదోమ బెమీసియా టబాసిని చూస్తే దీని అవసరం బోధపడుతుంది. రూపంలో తేడా తెలియని అనేక జాతుల సముదాయమే అది అని ఇప్పుడు భావిస్తున్నారు. జాతి నిర్ణయం మారినపుడు మూల నమోదులో చేసిన సవరణ దాని నుండి వచ్చిన నమూనాలన్నింటికీ వర్తించాలి. విడివిడి ఎక్సెల్ పట్టికలతో ఇది సాధ్యపడదు. పైగా ఒక్క నిలువు వరుసను మాత్రమే క్రమపరిస్తే వందల నమూనాల గుర్తింపు తారుమారవుతుంది, అది వెంటనే కంటికి కనబడదు కూడా. అందుకే అనేక మ్యూజియంలు ఆర్క్టోస్ వంటి ఉమ్మడి దత్తాంశ వ్యవస్థలను ఆశ్రయించాయి.

కణజాలం వాడిన కొద్దీ తరిగిపోయేది. మిగిలిన పరిమాణం, కరిగించి తిరిగి గడ్డకట్టించిన పర్యాయాలు, ఫ్రీజర్‌లో పెట్టె, గడి సంఖ్యలు ఎప్పటికప్పుడు నమోదు చేయాలి. గడి తెలియక వెదుకుతూ పెట్టెను బయట ఉంచిన ప్రతి నిమిషం మిగతా వయళ్లకూ హాని చేస్తుంది. సాధారణ జిగురు లేబుళ్లు అతిశీతలంలో ఊడిపోతాయి, మామూలు సిరా ఆల్కహాల్ తగిలితే చెరిగిపోతుంది.

2014 అక్టోబరులో నగోయా ఒప్పందం అమలులోకి వచ్చిన తరువాత సేకరణ అనుమతి పత్రాలు కూడా దత్తాంశంలో భాగమైనవి. భారతదేశంలో జీవ వైవిధ్య చట్టం 2002 వర్తిస్తుంది. అనుమతి వివరాలు జతపడని నమూనాను విదేశీ సంస్థకు పంపడం చట్టపరమైన చిక్కులకు దారితీస్తుంది.