ఫర్మ్‌వేర్

షోలాపూర్ తూర్పు పేటల్లోని మన పద్మశాలీలకు ఈ మాట విడమరచి చెప్పడం తేలిక. జకార్డ్ మగ్గం ఇనుమే. దుప్పటి మీద ఏ పువ్వు పూయాలో చెప్పేవి చిల్లుల అట్టలు. యంత్రంలోనే ఇమిడి దాన్ని నడిపే అలాంటి ఆదేశాల కట్టే ఫర్మ్‌వేర్.

సంస్థల నెట్‌వర్క్‌కు కాపలా కాసే ఫైర్‌వాల్ పెట్టెలోనూ అదుంటుంది. ఆ కాపలాదారులోనే లోపముంటే? 2025 సెప్టెంబరులో సిస్కో కంపెనీ ఫైర్‌వాల్‌లలో అదే బయటపడింది. అమెరికా ప్రభుత్వం తన శాఖలకు అత్యవసర ఆదేశమిచ్చింది. కొన్ని పాత పెట్టెల్లో చొరబాటుదారులు పెట్టిన దొంగ ప్రోగ్రామ్, ఆపి మళ్లీ ఆన్ చేసినా, ఫర్మ్‌వేర్ మార్చినా పోనంతగా పాతుకుపోయింది. ఇది నిజంగా భయపడాల్సిన సంగతి.

తువ్వాళ్ల ఎగుమతి లెక్కలు కంప్యూటర్లలో ఉంచే కార్ఖానాలూ లోపాలను సరిచేసే కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించే పని వాయిదా వేయొద్దు. ముందు సెట్టింగుల నకలు తీయాలి. ఫర్మ్‌వేర్ ఫైలును పెట్టె తయారుచేసిన కంపెనీ నుంచే తెచ్చుకుని, పని లేని వేళ ఎక్కించాలి. మధ్యలో కరెంటు పోకూడదు.