గ్లైడ్ ఎర నీటిలో ఈదే తీరు: పరీక్షా విధానం – కె.కోటపాడు పరిసర జలాల నేపథ్యం

వ్యాససంగ్రహం

కృత్రిమ చేప ఎరలలో గ్లైడ్ ఎర ఒక ప్రత్యేకమైన రకం. తంగూసును లాగిన ప్రతిసారీ అది ఒక పక్కకు జారి, మరుసటి లాగుకు రెండో పక్కకు మళ్లుతుంది. ఈ చలనాన్ని కొలతలతో పరీక్షించే విధానాన్ని, దానిపై ప్రభావం చూపే భౌతిక కారణాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: ఎర, గాలం, బెండు, గ్లైడ్, తేలుడు బలం, మునక వేగం, సీసం.

1. బెండు నుంచి గ్లైడ్ ఎర దాకా

కె.కోటపాడు పూర్వం విశాఖపట్నం జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాకు చెందింది. ఈ ప్రాంతంలో సాగుకు చెరువులు ఆధారం. పొరుగున దేవరాపల్లి మండలంలో శారదా నదిపై రైవాడ జలాశయం ఉంది. కొర్రమీను వంటి వేట చేపలకు ఇటువంటి నిలకడ నీళ్లు అనువైనవి. గాలం వేసేవారు కొర్రమీనుకు కప్పపిల్లను, చిన్న చేపలకు వానపామును గుచ్చుతారు. వానపామును 'ఎర్ర' అనడం, గాలానికి గుచ్చేదాన్ని 'ఎర' అనడం తెలుగువారికి పరిచితమే.

సంప్రదాయ గాలంలో నీటి మీద బెండు, దాని కింద సీసం ముక్క, చివర గాలం ఉంటాయి. బెండు కొన మాత్రమే పైకి కనిపించేలా సీసాన్ని సరిచూసుకోవడం అనుభవజ్ఞులకు చేతివాటం. ఆర్కిమెడిస్ సూత్రాన్ని పేరు చెప్పకుండా వాడుకోవడమే అది. గ్లైడ్ ఎరలో ఈ మూడూ ఒకే దేహంలోకి చేరాయి. తేలిక కర్ర బెండు పని చేస్తుంది, పొట్టలోని బరువు సీసం పని చేస్తుంది, కింద గాలాలు వేలాడతాయి. కాబట్టి గ్లైడ్ ఎరను పరీక్షించడమంటే పాత సరిచూపునే మరింత సూక్ష్మంగా చేయడం.

2. జారుడుకు మూలం

కొన్ని ఎరలకు ముక్కు కింద పలక లాంటి నాలుక ఉంటుంది. లాగినంతసేపూ నీరు ఆ నాలుకకు తగిలి ఎర వణుకుతుంది. గ్లైడ్ ఎరకు నాలుక లేదు. దాని చలనంలో లాగుడుకు ఎంత పాత్ర ఉందో లాగుడు ఆపడానికీ అంతే పాత్ర ఉంది. లాగినప్పుడు ముక్కు తంగూసు వైపు తిరుగుతుంది. తంగూసు సడలగానే ఎర తన జడత్వంతో ముందుకు సాగుతుంది. సన్నని పొడవాటి దేహం నీటి ప్రవాహానికి కొద్దిపాటి కోణంలో ఉన్నా, నీరు దాన్ని మరింత అడ్డంగా తిప్పజూస్తుంది. తోక రెక్క ఆ తిప్పుడును నిలువరిస్తుంది. ఈ రెంటి పోరులో తేలినదే జారుడు. తోక మరీ పెద్దదైతే ఎర తిన్నగా పోతుంది. తోక చాలకపోతే అడ్డం తిరిగి ఆగిపోతుంది.

దేహం ఆకారం విషయంలో ఏటికొప్పాక బొమ్మలతో పోల్చి చూడవచ్చు. అదే జిల్లాకు చెందిన ఈ లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. అంకుడు కర్రను లేత్ మీద తిప్పి చెక్కుతారు గనుక ఆ రూపాలు సహజంగానే గుండ్రంగా ఉంటాయి. గ్లైడ్ ఎరకు కావలసింది ఎత్తుగా, పక్కలు చదునుగా ఉండే దేహం. పక్క నుంచి నీరు నెట్టడానికి వెడల్పైన తలం ఉండాలి. గుండ్రని దేహంలో అదే ఘనపరిమాణానికి ఆ తలం తగ్గుతుంది.

3. తొట్టి పరీక్ష

తొలి పరీక్ష కదలకుండా ఉన్న నీటిలో జరుగుతుంది. గాలాలు, రింగులు అన్నీ తగిలించాకే ఎరను నీటిలో వదలాలి. గాలాలు లేకుండా చేసిన పరీక్షకు విలువ లేదు. చూడవలసినవి రెండు: ఎర ఏ భంగిమలో మునుగుతోంది, మీటరు లోతుకు ఎన్ని సెకన్లు పడుతోంది.

15 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల మందం, 100 ఘన సెంటీమీటర్ల ఘనపరిమాణం ఉన్న ఎరను ఉదాహరణగా తీసుకుందాం. అది తొలగించే నీటి కంటే దాని బరువు 1 గ్రాము ఎక్కువైతే, నిరోధ గుణకం 1 అనుకున్నప్పుడు, సెకనుకు సుమారు 8 సెంటీమీటర్ల వేగంతో దిగుతుంది. అంటే మీటరుకు దాదాపు 12 సెకన్లు. అదనపు బరువు 2 గ్రాములైతే వేగం రెట్టింపు కాదు, దాదాపు 1.4 రెట్లు మాత్రమే అవుతుంది. మునక వేగం అదనపు బరువు వర్గమూలానికి అనుపాతంలో ఉండడమే ఇందుకు కారణం.

ఇక్కడ నీటి ఉష్ణోగ్రతను పట్టించుకోక తప్పదు. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద మంచినీటి సాంద్రత ఘనమీటరుకు 998.2 కిలోలు, 30 డిగ్రీల వద్ద 995.7 కిలోలు. ఈ మార్పు వల్ల మన ఎరపై తేలుడు బలం పావు గ్రాము తగ్గుతుంది. 20 డిగ్రీల నీటిలో 1 గ్రాము అదనపు బరువుతో సరిచూసిన ఎర వేసవి చెరువులో 1.25 గ్రాముల అదనపు బరువుతో దిగుతుంది. మీటరుకు 12 సెకన్లు కాస్తా 11 అవుతాయి. సముద్రపు నీటి సాంద్రత సుమారు 1025 కిలోలు కాబట్టి అదే ఎర విశాఖ తీరంలో మునగనే మునగదు, తేలుతుంది. చల్లని దేశాల చెరువుల కోసం తయారైన ఎర పెట్టె మీద 'నెమ్మదిగా మునుగును' అని ఉంటే, ఆ మాట ఆ నీటికే చెల్లుతుంది.

4. చెరువు పరీక్ష

చలన పరీక్షలో తరచుగా కనిపించే లోపం 'బాగా ఈదింది' అన్న వాక్యంతో సరిపెట్టుకోవడం. దాన్ని మరొకరు తిరిగి పరీక్షించలేరు. లాగు పొడవు, రెండు లాగుల మధ్య విరామం, కర్ర కొన ఎత్తు, తంగూసు మందం నమోదు కావాలి. గుర్తులు గీసిన వెదురుకర్రను నీటి మీద అడ్డంగా కట్టి, పై నుంచి వీడియో తీస్తే ప్రతి జారుడు వెడల్పునూ కొలవవచ్చు.

ఎడమ జారుడు కుడి జారుడు కంటే ఎక్కువగా ఉంటే, ముందుగా ముక్కు దగ్గరి రింగు మధ్యలో ఉందో లేదో చూడాలి. అయితే గాలి, ప్రవాహం కూడా ఇదే తేడా తెస్తాయి. ఎదురు గట్టు మీదికి వెళ్లి మళ్లీ లాగితే సంగతి తేలుతుంది. తేడా అప్పుడూ ఎర ఎడమవైపే ఉంటే లోపం ఎరది. వైపు మారితే గాలిది.

ఈదే చేపల తోక ఊపును స్ట్రౌహల్ సంఖ్యతో అంచనా వేస్తారు. చాలా చేపలలో అది 0.2 నుంచి 0.4 మధ్య ఉంటుంది. ఈ కొలతను గ్లైడ్ ఎరకు యథాతథంగా వర్తింపజేయడం సరికాదు. చేపను ముందుకు తోసేది దాని తోక, ఎరను ముందుకు తెచ్చేది తంగూసు.

5. సీసం మాట

ఎర పొట్టలో వాడే బరువు సాధారణంగా సీసం. మెత్తనిది, చవకైనది, ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములు తూగుతుంది. కానీ అది విషలోహం. హంసల మరణాల కారణంగా బ్రిటన్‌లో 1987 నుంచి చాలా సైజుల సీసపు గాలపు బరువులను నిషేధించారు. రైవాడ నీరు విశాఖ నగరానికి తాగునీరుగా కూడా వెళ్తుంది. తెగిన ఎర అడుగున ఉండిపోతుంది.

ఉక్కు వాడితే సరిపోతుందనుకోవడం తొందరపాటే. దాని సాంద్రత సుమారు 7.8 మాత్రమే. 20 గ్రాముల సీసానికి 1.8 ఘన సెంటీమీటర్ల చోటు చాలు, ఉక్కుకు దాదాపు 2.6 కావాలి. ఆ అదనపు చోటు కోసం ఘన సెంటీమీటరుకు అర గ్రాము తూగే కర్రను తొలిస్తే ఎర 0.4 గ్రాము తేలికవుతుంది. అదనపు బరువు 1 గ్రాము నుంచి 0.6కు దిగి, మీటరుకు 16 సెకన్లు పడుతుంది. పైగా బరువు కేంద్రం కొంచెం పైకి జరుగుతుంది. అందువల్ల సీసం తీసి ఉక్కు పెట్టిన ఎరను తొట్టి పరీక్ష నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.