వెబ్ భాషలు, ఫ్రేమ్‌వర్కులు: ఏది ముందు నేర్చుకోవాలి?



సూరత్ నగరంలో ఉధనా స్టేషన్‌కు సమీపంలో డిండోలి అనే ప్రాంతం ఉంది. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వలస వెళ్లిన తెలుగు కుటుంబాలు డిండోలి, లింబాయత్ వంటి చోట్ల చాలాకాలంగా నివసిస్తున్నాయి. సిరిసిల్లలో 'సాంచెలు' అని పిలిచే ఆ యంత్రాల చప్పుడు మధ్య పెరిగిన పిల్లలు ఇప్పుడు కంప్యూటర్ చదువు వైపు చూస్తున్నారు. వారికైనా మీకైనా ముందుగా వచ్చే సందేహం ఒకటే: వెబ్‌సైట్లు తయారుచేయాలంటే ఏ భాష, ఏ ఫ్రేమ్‌వర్కు నేర్చుకోవాలి?

ప్రశ్న చిన్నదే. కాని జవాబు తప్పితే ఒక ఇంటి నెలల సంపాదన ఫీజుల కింద పోతుంది. కనుక నిదానంగా ఆలోచిద్దాం.

మగ్గం చెప్పే పాఠం

1804లో ఫ్రాన్సు దేశస్థుడు జోసెఫ్ మరీ జకార్డ్ రంధ్రాలు చేసిన అట్టలతో మగ్గాన్ని నడిపే పద్ధతిని రూపొందించాడు. అట్టలో రంధ్రం ఉన్నచోట పడుగు పోగు పైకి లేస్తుంది, లేనిచోట లేవదు. అట్టలు మారిస్తే డిజైను మారుతుంది. యంత్రం ఒకటే, ఆదేశాలు వేరు! ఇంగ్లండులో ఛార్లెస్ బాబేజ్ 1830లలో తన గణన యంత్రానికి ఈ అట్టల ఆలోచననే తీసుకున్నాడు. నేటి ఎలక్ట్రానిక్ జకార్డులో అట్టల బదులు కంప్యూటర్ ఫైలు ఉంటుంది. సాధనం ఎన్నిసార్లు మారినా పడుగు, పేక మాత్రం అలాగే ఉన్నాయి. పడుగు, పేక తెలిసిన నేతగాడు కొత్త మగ్గాన్ని త్వరగా పట్టుకుంటాడు.

మరి వెబ్‌లో పడుగు, పేక ఏవి?

పేజీ ఎలా వస్తుంది?

సూరత్‌లోని ఒక చీరల కొట్టుకు వెబ్‌సైటు ఉందనుకుందాం. మీరు దాని చిరునామా కొట్టగానే మీ బ్రౌజరు ఎక్కడో ఉన్న సర్వరుకు ఒక అభ్యర్థన పంపుతుంది. సర్వరు జవాబు ఇస్తుంది. జవాబుతో పాటు ఒక సంఖ్య కూడా వస్తుంది: 200 అంటే దొరికింది, 404 అంటే ఆ పేజీ దొరకలేదు. ఈ ప్రశ్నోత్తరాల ఒప్పందమే హెచ్‌టీటీపీ.

వచ్చిన పేజీలో మూడు భాషలు పనిచేస్తాయి. ఇది శీర్షిక, ఇది బొమ్మ, ఇది ధర అని చెప్పేది హెచ్‌టీఎంఎల్. రంగు, పరిమాణం, అమరిక చెప్పేది సీఎస్‌ఎస్. 'కొను' మీట నొక్కితే ఏం జరగాలో చెప్పేది జావాస్క్రిప్టు. సర్వరు వైపున పీహెచ్‌పీ, పైథాన్, జావా వంటి భాషల్లో ఏదో ఒకటి ఉంటుంది. చీరల ధరలు, నిల్వలు డేటాబేస్‌లో ఉంటాయి.

ఫ్రేమ్‌వర్కు ఎందుకు పుట్టింది?

ప్రతి సైటులోనూ లాగిన్, ఫారాలు, డేటాబేస్ నుంచి జాబితాలు తీయడం వంటి పనులు మళ్లీ మళ్లీ వస్తాయి. ఆ పనులకు సిద్ధంగా కట్టి ఉంచిన చట్రమే ఫ్రేమ్‌వర్కు. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఒక స్థానిక దినపత్రిక వెబ్‌సైట్లను వేగంగా తయారుచేయవలసి వచ్చినప్పుడు అక్కడి ప్రోగ్రామర్లు కట్టుకున్న చట్రమే జాంగో. అది 2005లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఫ్రేమ్‌వర్కు శ్రమ తగ్గిస్తుంది, భద్రతలో కొన్ని పొరపాట్లనూ నివారిస్తుంది. అందువల్ల అది అనవసరమని అనుకోకండి.

అయితే ఒక ప్రోగ్రామర్ 2005లో ఈ రంగంలోకి వచ్చాడనుకోండి. 2006లో జేక్వెరీ, 2010లో ఆంగ్యులర్ జేఎస్, 2013లో రియాక్ట్, 2014లో వ్యూ వచ్చాయి. ఒకప్పుడు ఎందరో నేర్చుకున్న ఫ్లాష్‌కు 2020 డిసెంబరులో తెరపడింది. ఆంగ్యులర్ జేఎస్‌కు 2021 డిసెంబరుతో అధికారిక మద్దతు ఆగింది. ఈ కాలమంతటా హెచ్‌టీటీపీ, హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్, జావాస్క్రిప్టు పెరిగాయే గాని పోలేదు. టిమ్ బెర్నర్స్-లీ తొలి వెబ్ పేజీలను సెర్న్ సంస్థ 2013లో పాత చిరునామాలోనే తిరిగి ఉంచింది. అవి నేటి బ్రౌజర్లలోనూ తెరుచుకుంటాయి.

తెలుగు అక్షరం పెట్టే పరీక్ష

పునాది ఎందుకు కావాలో ఒక ఉదాహరణతో చూద్దాం. 1991 నాటి తొలి యూనికోడ్‌లోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. అందులో హల్లుకు ఒక సంకేతం, గుణింతపు గుర్తుకు ఒకటి, పొల్లుకు ఒకటి ఉంటాయి. 'శ్రీ' మన కంటికి ఒకే అక్షరం. కంప్యూటరుకు శ, పొల్లు, ర, దీర్ఘ ఈకారం గుర్తు కలిసి నాలుగు సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి 3 బైట్లు, మొత్తం 12.

ఇప్పుడు ఒక పాఠశాల దరఖాస్తు ఫారంలో పేరుకు 10 సంకేతాలు చాలని ప్రోగ్రామర్ జావాస్క్రిప్టులో రాశాడనుకోండి. 'శ్రీలక్ష్మి' మనకు మూడక్షరాలే. సంకేతాలు లెక్కపెట్టండి, 11 వస్తాయి! చివరి గుడి తెగిపోయి పేరు 'శ్రీలక్ష్మ' అవుతుంది. ఆ అమ్మాయి పేరు ఆ రికార్డులో తప్పుగానే ఉండిపోతుంది. ఇక్కడ ఏ ఫ్రేమ్‌వర్కు వాడినా, ఆ పరిమితి అందులో ఉన్నంతకాలం తప్పు జరుగుతుంది. అక్షరం కంప్యూటరులో ఎలా నిలుస్తుందో తెలిసినవారికే కారణం అంతుపడుతుంది.

ఏం చేయాలి?

మొదట ఏ చట్రమూ లేకుండా మూడు పేజీల చిన్న సైటు కట్టండి. మీ వీధిలోని కొట్టు గురించైనా సరే, తెలుగులోనే రాయండి. దానికి బ్రౌజరు, సాదా టెక్స్ట్ ఎడిటరు చాలు, రెండూ ఉచితమే. తరువాత సర్వరు భాష ఒకటి, డేటాబేస్ ఒకటి నేర్చుకోండి. అటుపై మీకు దొరికిన పని ఏ ఫ్రేమ్‌వర్కు అడిగితే దానిని పట్టుకోండి. కోర్సులో చేరేముందు "ఈ సాధనం లోపల ఏం చేస్తుందో కూడా చెబుతారా?" అని తప్పక అడగండి.

అభ్యాసం: మీ పేరులో ఎన్ని అక్షరాలున్నాయి? ఎన్ని సంకేతాలున్నాయి? కాగితం మీద విడదీసి లెక్కించండి.