తిరగడం ఆగితే వెలిగే రంగు

ఖరగ్‌పూర్ అంటే తెలుగు రైల్వే కుటుంబాలకు వర్క్‌షాపూ, ఎంత నడిచినా తరగని ప్లాట్‌ఫారమూ. అదే ఊళ్లో, ఒకప్పటి హిజ్లీ నిర్బంధ శిబిరంలో 1951లో మొదలైన ఐఐటీలో కోడిగుడ్డు తెల్లసొన మీద పరిశోధన సాగింది. అందులో సాక్షి థయోఫ్లేవిన్-టి అనే పసుపు రంగు.

అసలు అది బట్టల అద్దకానికి వాడే రంగు. 1959లో కెనడాలో వాసర్, కల్లింగ్ దాన్ని రోగుల కణజాలం మీద వేసి, అమిలాయిడ్, అంటే మడత తప్పిన ప్రోటీన్ల నారలు, పేరుకున్న చోట్లు మైక్రోస్కోపు కింద మెరవడం చూపారు. 1989లో జపాన్‌కు చెందిన నైకీ బృందం ఆ పనిని ద్రావణంలోకి తెచ్చింది. అప్పటినుంచి ఎన్ని నారలు కట్టాయో వెలుగును కొలిచే యంత్రం అంకెల్లో చెబుతోంది.

ఈ రంగు అణువులో రెండు ముక్కలుంటాయి. వాటిని కలిపే బంధం మీద అవి ఫ్యాను రెక్కల్లా తిరుగుతూ ఉంటాయి. నీళ్లలో ఉన్నంతసేపూ, పీల్చుకున్న కాంతి శక్తి ఆ తిరుగుడుకే ఖర్చయిపోతుంది. ప్రోటీన్లు మడత తప్పి, ఒకదానికొకటి అతుక్కుని నారలు కట్టాయనుకోండి, ఈ అణువు వాటి గాడుల్లో ఇరుక్కుంటుంది. ఇక తిరగడానికి చోటుండదు. అప్పుడు 440 నానోమీటర్ల నీలికాంతి వేస్తే, 480 దగ్గర వెలుగు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

నారలు కట్టకముందు, సగం మడతలో ఉన్న ప్రోటీన్‌ను పట్టడానికి మరో రంగుంది, ఏఎన్ఎస్. ప్రోటీన్‌కు అంటుకుంటే అది వెలుగుతుందని 1954లో వెబర్, లారెన్స్ చెప్పారు. నీటికి దూరంగా జిడ్డు చోటు దొరకాలి దానికి.

ఖరగ్‌పూర్‌లో స్వాగతా దాస్‌గుప్తా బృందం తెల్లసొనలోని లైసోజైమ్‌ను తీసుకుంది. 129 అమైనో ఆమ్లాల చిన్న గొలుసది, శుద్ధంగా, చవగ్గా దొరుకుతుంది. క్షారమూ ఉప్పూ ఉన్న ద్రావణంలో దానిచేత నారలు కట్టించి, గ్రీన్ టీలో ఉండే ఎపికాటెచిన్ గాలేట్ కలిపితే నారలు కట్టడం తగ్గింది.

ఇలాంటి నారలు అల్జీమర్స్‌లోనూ కనిపిస్తాయి కదా అని, స్టేషన్లో చాయ్ తాగితే ఆ జబ్బు రాదని ఎవరూ అనుకోకూడదు. ఇది సీసాలో జరిగిన పని. పైగా ఇలాంటి పాలీఫినాల్స్ కొన్ని రంగుతో పోటీపడి గాడుల్లో తామే కూర్చుంటాయి, లేదా వెలుగునే మింగేస్తాయి. నారలు నారలుగానే ఉన్నా యంత్రంలో అంకె పడిపోతుంది. అందుకే జాగ్రత్తగల ప్రయోగశాలలు ఒక్క థయోఫ్లేవిన్ మాటే నమ్మవు. కాంగో రెడ్ అనే మరో రంగు వేసి చూస్తాయి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో నారలను కళ్లారా చూస్తాయి. కొందరైతే రంగును మొదట్నుంచీ కలపరు. నారల పుట్టుకలో అది తలదూర్చకుండా, మధ్యమధ్యలో కాస్త ద్రావణం తీసి, విడిగా రంగు కలిపి కొలుస్తారు.