ప్రతిరక్షకము పట్టు ఎక్కడ?

గాలికుంటు సోకిన పశువు నోట చొంగ కార్చును, గిట్టల నడుమ పుండ్లతో కుంటును, మేత మానును. మన రైతులకు ఈ దృశ్యము క్రొత్తది కాదు. దీనికి మూలము ఒక వైరస్. దానిని ఎదుర్కొనుటకు పశువు రక్తములో ప్రతిరక్షకములు పుట్టును. అవి వైరస్‌ను సరిగా ఏ చోట పట్టుకొనును? టీకాలు రూపొందించువారికి ఇది ముఖ్యమైన ప్రశ్న.

ఆ వైరస్ పైపొరలోని మాంసకృత్తులలో ఒకదానికి వి.పి.1 అని పేరు. మాంసకృత్తు అనగా ఆమైనో ఆమ్లములను పూసలవలె గ్రుచ్చిన దండ. పూసలు ఇరువది రకములు. ‘ఓ1’ తెగ వైరస్‌లో ఈ దండకు 213 పూసలు కలవు. దండలోని చిన్న తునకను పెప్టైడ్ అందురు.

ఆస్ట్రేలియాలో మారియో గెయ్‌సెన్, ఇద్దరు డచ్చి శాస్త్రజ్ఞులతో కలిసి 1984లో ఒక ఉపాయము ప్రకటించెను. ఒకటవ పూసనుండి ఆరవదాని వరకు ఒక తునక. రెండవదానినుండి ఏడవదాని వరకు మరియొకటి. ఇట్లు 208 తునకలను వేర్వేరు ప్లాస్టిక్ కడ్డీల కొనలపై నిర్మించిరి. తొలి పూసను ఘనపదార్థమునకు బిగించి తక్కినవానిని ఒక్కొక్కటిగా చేర్చు పద్ధతిని 1963లోనే అమెరికాలో బ్రూస్ మెరిఫీల్డ్ చూపియుండెను.

ఆ కడ్డీలను ప్రతిరక్షకములున్న రక్తరసములో ముంచి, కడిగి, రంగు పుట్టించు ఎంజైముతో పరీక్షించిరి. ప్రతిరక్షకము అంటుకొన్నచోటనే రంగు వచ్చును. పట్టు 146నుండి 152వరకు గల ఏడు పూసలలో ఉన్నదని తేలెను. తరువాత ఆ ఏడింటిలో ఒక్కొక్కదానిని మార్చి చూచిరి. 148, 151 స్థానములలోని ల్యూసిన్‌లు లేనిదే పట్టు నిలువదని తెలిసెను.

1992లో జర్మనీలో రోనాల్డ్ ఫ్రాంక్ ఇట్టి తునకలను సెల్యులోజు కాగితముపై చుక్కలుగా నిర్మించు విధానమును ప్రకటించెను. నేడు ఒక గాజుపలకపై వేలకొలది పెప్టైడ్ చుక్కలు ఇముడుచున్నవి.

అయితే ఒక హెచ్చరిక. మాంసకృత్తు చాచిన దండవలె ఉండదు. మడతలు పడి యుండును. దండలో దూరముగానున్న పూసలు మడతలో ప్రక్కప్రక్కకు వచ్చి, కలిసి ఒక పట్టు కావచ్చును. విడి తునకలో ఆ కూడిక ఉండదు. కనుక రంగు రాకున్నంతమాత్రమున పట్టు లేదనరాదు. రంగు వచ్చినను వేరొక పరీక్షతో సరిచూడవలెను. పలక చోటును సూచించును. తీర్పు చెప్పవలసినది సంపూర్ణమైన మాంసకృత్తే, తుదకు పశువే.