హైదరాబాద్ ఆడపడుచు అక్కడ ఏం చెప్పి గెలిచారు?

2025 నవంబరు 4న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రానికి గజాలా హాష్మీ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికయ్యారన్న వార్త విని మనలో సంతోషించని వారు అరుదు. ఆమె పుట్టింది మన హైదరాబాద్‌లో. పసితనం గడిచింది మలక్‌పేటలో. అమెరికాలో ఒక రాష్ట్రమంతటా జరిగిన ఎన్నికలో నెగ్గిన మొట్టమొదటి ముస్లిం మహిళ ఆమే. పత్రికలు ఫోటోలు వేశాయి. 'మన అమ్మాయి' అని మనం నలుగురికీ చెప్పుకున్నాం.

సంతోషించటంలో తప్పు లేదు. అయితే ఒక మాట మాత్రం మనలో చాలామంది అడగలేదు. ఆమె ఏం చెప్పి ఓట్లు అడిగారు? ఆ మాటలు మనకు నచ్చుతాయా? నచ్చకపోతే ఆ సంతోషాన్ని ఏం చేసుకోవాలి? పేరు చూసి మురిసిపోయి, పని చూడకుండా వదిలేయటం మనకున్న పాత అలవాటు. ఈ వారం ఆ అలవాటును కాస్త పక్కన పెట్టి, ఆమె నిలబడిన చోటును పరిశీలిద్దాం.

ఉపాధ్యాయురాలు నాయకురాలయిన వైనం

గజాలా హాష్మీ 1964లో జన్మించారు. నాలుగేళ్ల వయసులో తల్లితో, అన్నతో కలిసి అమెరికాలోని జార్జియా రాష్ట్రానికి వెళ్లారు. తండ్రి అక్కడ రాజనీతి శాస్త్రం బోధించేవారు. ఆమె అమెరికా సాహిత్యంలో ఎమరీ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొంది, 1991లో వర్జీనియా రాజధాని రిచ్‌మండ్ ప్రాంతానికి వచ్చి స్థిరపడ్డారు. దాదాపు ముప్పయ్యేళ్లు కళాశాలల్లో పాఠాలు చెప్పారు. రాజకీయాలకు, ఆమెకు సంబంధమే లేదు.

2017 జనవరి 27న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఏడు ముస్లిం దేశాల పౌరుల రాకను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. ఆ జాబితాలో భారతదేశం లేదు. ఆమె అప్పటికే ఆ దేశంలో జీవితమంతా గడిపిన వ్యక్తి. అయినా ఆ ఉత్తర్వు తన మీద పడిన దెబ్బగానే ఆమె భావించారు. తన ఇల్లు అనుకున్న దేశంలో తనకు చోటుందా అన్న ప్రశ్న ఆమెను కలవరపెట్టింది. ఆ కలవరమే తనను ఎన్నికల్లోకి తెచ్చిందని ఆమె పలుమార్లు చెప్పారు. 2019లో రిచ్‌మండ్ పరిసరాల స్థానం నుంచి రాష్ట్ర సెనేట్‌కు పోటీ చేసి, అప్పటి రిపబ్లికన్ సభ్యుణ్ణి ఓడించారు. ఆ సభలో అడుగుపెట్టిన మొదటి ముస్లిం మహిళ ఆమే. 2024లో ఆ సభకు చెందిన విద్య, ఆరోగ్య సంఘానికి అధ్యక్షురాలయ్యారు.

2025 జూన్‌లో డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థిత్వానికి ఆరుగురు పోటీపడగా, ఒక్క శాతం లోపు తేడాతో రిచ్‌మండ్ మాజీ మేయరును దాటి నెగ్గారు. నవంబరులో 55 శాతానికి పైగా ఓట్లు సంపాదించారు. లెఫ్టినెంట్ గవర్నర్ అంటే 40 మంది ఉండే సెనేట్‌కు అధ్యక్ష స్థానంలో కూర్చునే వ్యక్తి. ఓట్లు సమానమైనప్పుడు తీర్పు చెప్పే ఓటు ఆ కుర్చీదే.

విచిత్రమైన పోటీ

ఈ ఎన్నికలో గమనించదగిన విశేషం ఒకటుంది. ఆమెకు ప్రత్యర్థిగా రిపబ్లికన్ పార్టీ నిలబెట్టిన జాన్ రీడ్ రేడియో వ్యాఖ్యాత. తాను స్వలింగ ప్రియుణ్ణని బాహాటంగా చెప్పుకున్న వ్యక్తి. వర్జీనియా చరిత్రలో రాష్ట్రవ్యాప్త పదవికి ఒక పెద్ద పార్టీ నిలబెట్టిన అటువంటి మొదటి అభ్యర్థి ఆయనే. ఏప్రిల్‌లో, అభ్యంతరకరమైన చిత్రాలున్న ఒక ఇంటర్నెట్ ఖాతా ఆయనదేనని ఆరోపణ వచ్చింది. సొంత పార్టీకి చెందిన గవర్నర్ యంగ్‌కిన్ ఆయనను పోటీ నుంచి తప్పుకోమన్నారు. ఆ ఖాతా తనది కాదని, తాను స్వలింగ ప్రియుణ్ణయినందుకే వెంటపడుతున్నారని చెప్పి రీడ్ పోటీలోనే కొనసాగారు.

ఒక వైపు ముస్లిం మహిళ, మరో వైపు స్వలింగ ప్రియుడు. పేర్లు మాత్రమే చూసిన వారు ఎవరు ఏ వైపు నిలబడతారో ముందే లెక్క వేసుకుంటారు. కానీ ఆ లెక్క తప్పింది. స్వలింగ వివాహాలకు, ట్రాన్స్‌జెండర్ల హక్కులకు రాష్ట్ర చట్టాల్లో రక్షణ ఉండాలన్న పక్షాన నిలిచినది హాష్మీ. ఆ విషయాల్లో, ముఖ్యంగా ట్రాన్స్‌జెండర్ విద్యార్థుల విషయంలో, ఆంక్షలు కోరిన పక్షాన నిలిచినది రీడ్. ఆయనతో ముఖాముఖి చర్చకు ఆమె అంగీకరించలేదు. దాంతో ఆయన కృత్రిమ మేధ సాయంతో ఆమె రూపం, గొంతు సృష్టించి, దానితోనే చర్చ జరిపి చూపించారు. చర్చకు రాకపోవటం ఆమె వైపు లోపమని విమర్శించిన వారున్నారు. ఆ విమర్శలో న్యాయం లేదనలేం. ఓటరుకు ఇద్దరినీ ఎదురెదురుగా చూసే అవకాశం ఉండాలి.

చట్టం ఏమంటోంది?

పురుషుణ్ణి ఇష్టపడే పురుషుడు, స్త్రీని ఇష్టపడే స్త్రీ, పుట్టినప్పుడు రాసిన లింగానికి భిన్నంగా జీవించేవారు, వీరందరినీ కలిపి ఎల్జీబీటీ అంటున్నారు. మనం హిజ్రాలని, ఖ్వాజాసరాలని పిలుచుకునేవారు కూడా ఇందులో భాగమే.

2006లో వర్జీనియా ప్రజలు ఓటు వేసి, వివాహమంటే ఒక స్త్రీకి, ఒక పురుషునికి మధ్య జరిగేదేనని రాష్ట్ర రాజ్యాంగంలో రాసుకున్నారు. 2014లో న్యాయస్థానం తీర్పుతో అది అమలు నుంచి పోయింది. 2015లో అమెరికా సుప్రీంకోర్టు దేశమంతటా స్వలింగ వివాహాలను గుర్తించింది. అయినా ఆ పాత వాక్యం రాజ్యాంగంలో అలాగే ఉండిపోయింది. దాన్ని తొలగించే ప్రయత్నాన్ని సమర్థించిన సభ్యుల్లో హాష్మీ ఒకరు. 2020లో ఇల్లు అద్దెకివ్వటంలో, ఉద్యోగమివ్వటంలో ఇటువంటి వారి పట్ల వివక్ష చూపరాదని వర్జీనియా చట్టం చేసినప్పుడు కూడా ఆమె పార్టీ ఆ చట్టం వెనుకే నిలిచింది.

ఇక్కడ మనవాళ్లు చాలామంది ఆగిపోతారు. వివాహం స్త్రీ పురుషుల మధ్య నిబంధన అన్నది మన ధర్మం చెప్పే మాట. దానిలో ధర్మ పండితులకు సందేహం లేదు. మరి ఒక ముస్లిం మహిళ ఇలా ఓటు వేయటమేమిటి? అమెరికాలోని ముస్లింలలోనే ఈ ప్రశ్న అడిగినవారు ఎందరో ఉన్నారు. వారిని తక్కువ చేసి మాట్లాడటం మా ఉద్దేశం కాదు.

అయితే ఆ చట్టాల లోపలికి వెళ్లి చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. 2024లో వర్జీనియా మరో చట్టం చేసింది. వివాహ ధ్రువపత్రం ఇచ్చే ప్రభుత్వ అధికారి లింగం పేరుతోనో జాతి పేరుతోనో దాన్ని నిరాకరించరాదని అందులో ఉంది. అదే చట్టంలో, మతాచార్యులు, మత సంస్థలు తమకు సమ్మతం కాని వివాహం జరిపించకుండా ఉండే హక్కు కూడా స్పష్టంగా ఉంది. అంటే అక్కడి మసీదులో ఇమాం సాహెబ్ ఏ నికా చదివించాలో ప్రభుత్వం చెప్పదు. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా ఎవరిని వెనక్కి పంపాలో ఇమాం సాహెబ్ చెప్పరు. దస్తావేజు ప్రభుత్వానిది, నికా మసీదుది. రెండూ వేరు వేరు ద్వారాలు.

పొరుగునే ఉన్న మేరీలాండ్ రాష్ట్రంలో మరో ఉదాహరణ ఉంది. మాంట్‌గోమరీ కౌంటీ బడులలో స్వలింగ విషయాలున్న కథల పుస్తకాలు చిన్నపిల్లలకు చదివి వినిపించటంపై ముస్లిం, క్రైస్తవ తల్లిదండ్రులు అభ్యంతరం తెలిపారు. ఆ పాఠాల సమయంలో తమ పిల్లలను బయటకు పంపమని కోరారు. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జూన్ 27న తీర్పు తల్లిదండ్రుల వైపు వచ్చింది. తమ బిడ్డను తమ నమ్మకం ప్రకారం పెంచుకునే హక్కు వారికుందని న్యాయస్థానం అంగీకరించింది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. అల్పసంఖ్యాకుల మనస్సాక్షిని కాపాడే చట్టం ఒక్క వర్గానికే గొడుగు పట్టదు. ముస్లిం తల్లి బడికి వెళ్లి తన మాట చెప్పుకోగలగటం, స్వలింగ ప్రియుడు అద్దె ఇంటి నుంచి గెంటివేత లేకుండా బతకగలగటం, రెండూ ఆ చట్టం నీడలోనే జరుగుతాయి. 2017లో తన సమాజం మీద తలుపు మూసినప్పుడు కలిగిన బాధ ఎటువంటిదో హాష్మీకి తెలుసు. ఆ బాధ తెలిసిన వ్యక్తి మరొకరి మీద తలుపు మూయటానికి చేయి ఎత్తలేదు. ఆమె స్థానంలో మనం ఉంటే అలాగే చేసేవారమా, వేరుగా చేసేవారమా అన్నది ఎవరికి వారు ఆలోచించుకోవలసిన విషయం. కానీ ఆమె తన ధర్మాన్ని అమ్ముకుందనటం మాత్రం న్యాయం కాదు.

రోగానికి మతం లేదు

ప్రజారోగ్యం విషయానికి వస్తే ఆమె మాట ఇంకా సూటిగా ఉంది. పేదలకు ప్రభుత్వం ఇచ్చే వైద్య బీమాను అక్కడ మెడికెయిడ్ అంటారు. 2019 నుంచి వర్జీనియా దాన్ని మరింత మందికి విస్తరించింది. 2025 జూలైలో కేంద్ర ప్రభుత్వం చేసిన చట్టంతో ఆ నిధులకు కోత పడింది. ఆ కోత నుంచి పేదలను కాపాడాలన్నది ఆమె ఎన్నికల ప్రచారంలో ముఖ్యాంశం. గర్భనిరోధక సాధనాలు పొందే హక్కును చట్టంలో రాయాలని ఆమె ప్రతిపాదించారు. 2024లోను, 2025లోను చట్టసభ ఒప్పుకున్నా గవర్నర్ యంగ్‌కిన్ దాన్ని తోసిపుచ్చారు. తుపాకీ హింసను కూడా ఆమె ఆరోగ్య సమస్యగానే చూస్తారు.

వీటిలో గర్భస్రావం వంటి విషయాలపై మన పండితులకు గట్టి అభ్యంతరాలున్నాయి. గర్భనిరోధం విషయంలో వారిలోనే భిన్నాభిప్రాయాలున్నాయి. అన్నింటికీ ఔననవలసిన పని లేదు. అయితే వైద్యం విషయంలో ఒక నిజం మాత్రం మనందరికీ అనుభవమే. భయపడిన రోగి ఆస్పత్రికి రాడు. రాని రోగి రోగం ఇంటింటికీ వస్తుంది. హెచ్‌ఐవీ మొదలుకొని కరోనా దాకా ఈ నిజాన్ని మనం కళ్లారా చూశాం.

మన ఊళ్లో సంగతి

రిచ్‌మండ్ దూరం కావచ్చు. ప్రశ్న మాత్రం దూరం కాదు. నిజాం కాలంలో, 1919లో, హిజ్రాలను పేరుపేరునా రిజిస్టరులో ఎక్కించి, ఆడవారి దుస్తులు వేసుకుని బజారులో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చని ఒక చట్టం వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చినా ఆ చట్టం చావలేదు. తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో గాని దాన్ని కొట్టివేయలేదు. అంటే వందేళ్లకు పైగా మన బస్తీల్లో కొందరు మనుషులు పుట్టుకతోనే అనుమానితులుగా బతికారు. అటువంటి మనిషి జ్వరమొచ్చినా సర్కారు దవాఖానా మెట్లెక్కటానికి జంకటంలో వింతేముంది?

మంచి మార్పులు కూడా వచ్చాయి. 2014లో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను గుర్తించింది. వయోజనుల మధ్య ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న తీర్పు చెప్పింది. హెచ్‌ఐవీ ఉన్నవారికి వైద్యంలో వివక్ష చూపటాన్ని నిషేధించే చట్టం అదే నెలలో అమలులోకి వచ్చింది. 2022 నవంబరులో మన ఉస్మానియా ఆస్పత్రిలో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు ఉద్యోగంలో చేరారు. హెచ్‌ఐవీ చికిత్సా కేంద్రంలోనే వారికి బాధ్యత అప్పగించారు. ఒకప్పుడు మెట్లెక్కటానికి జంకినవారికి ఈరోజు తమలాంటి వ్యక్తే నాడి పట్టుకుని చూస్తున్నారు.

ఇక ఇంటి సంగతి. మన ఇళ్లలోనూ ఇటువంటి బిడ్డలు పుడతారు. వారు ఆకాశం నుంచి ఊడిపడరు. తండ్రి కొట్టి వెళ్లగొడితే, తల్లి ఏడ్చి ఊరుకుంటే ఆ బిడ్డ ఎక్కడికి వెళుతుంది? ఏ దారి పడుతుంది? జబ్బు చేస్తే ఎవరికి చెప్పుకుంటుంది? ధర్మం ఏది నిషేధించిందో బిడ్డకు చెప్పటం తల్లిదండ్రుల బాధ్యతే. కానీ అన్నం పెట్టవద్దని, దవాఖానాకు తీసుకెళ్లవద్దని ఏ ధర్మమూ చెప్పలేదు. రోగిని పరామర్శించటం మన దగ్గర పుణ్యకార్యం. ఆ రోగి ఎలాంటి వాడని ముందు విచారించమని ఎవరూ నేర్పలేదు.

ఓటు అడిగేవారిని మనమూ అడుగుదాం

మన వార్డుకు ఓట్లకోసం వచ్చే అభ్యర్థిని మనం సాధారణంగా ఏమడుగుతాం? ఖబరస్తాన్ గోడ, షాదీఖానా, నల్లా, రోడ్డు. ఇవన్నీ అవసరమే. వాటితో పాటు మరో రెండు ప్రశ్నలు అడుగుదాం. బస్తీ దవాఖానాలో డాక్టరు రోజూ ఉంటారా, మందులుంటాయా? అక్కడికి వచ్చే ఏ మనిషినయినా, వాడెవడయినా, మర్యాదగా కూర్చోబెడతారా?

ఈ రెండో ప్రశ్న హిజ్రాల కోసమేనని అనుకోవద్దు. బురఖా వేసుకుని వరుసలో నిలబడిన మన తల్లికీ, మన చెల్లికీ కూడా అది వర్తిస్తుంది. ఒకరిని వెనక్కి పంపటం అలవాటయిన కిటికీ రేపు మనల్నీ వెనక్కి పంపుతుంది.

గజాలా హాష్మీ చెప్పినవన్నీ మనకు సమ్మతం కానక్కరలేదు. ఆమె మన ఊరి ఆడపడుచన్న గర్వం మాత్రం ఆమె పేరు దగ్గరే ఆగిపోకూడదు. నాకు తెరిచిన తలుపును ఇంకొకరి మీద మూయను అన్నట్టుగా ఆమె నిలబడ్డారు. ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా ఆ వైఖరిని ఇంటిల్లిపాదీ కూర్చుని ఒకసారి చర్చించటం మనకు మేలు చేస్తుంది.